వారానికి 12 గంటల కిడ్నీ

వారంలో 168 గంటలు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకు అందులో ఒక్క గంట కూడా సెలవు లేదు. మనం నిద్రపోతున్నా, ప్రయాణంలో ఉన్నా, ఏమీ తినకుండా పడుకున్నా అవి రక్తాన్ని వడకడుతూనే ఉంటాయి. కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్న మనిషికి ఎక్కువచోట్ల డయాలసిస్ (మెషిన్‌తో రక్తాన్ని వడకట్టడం) వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు చేస్తారు. అంటే 12 గంటలు. మిగిలిన 156 గంటలు ఆ ఒంట్లో వడపోత లేదు. ఉన్నా అంతంతమాత్రమే.

డయాలసిస్ మొదలైన ఇంట్లో కొన్ని ప్రశ్నలు పదేపదే వస్తుంటాయి. మెషిన్ నీళ్లు తీసేస్తోంది కదా, మళ్లీ ఈ కొలిచి తాగడమేంటి? రక్తం శుభ్రం చేయించుకుని వచ్చిన రోజే మనిషి అంతగా ఎందుకు వాడిపోతాడు? మొన్నటిదాకా ప్రొటీన్ తగ్గించమన్న డాక్టరే ఇప్పుడు పెంచమంటారేం? కిడ్నీ పనితీరు చూడటానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ తగ్గితే సంతోషించాలా, వద్దా? దేనికదే వేరే సమస్యలా కనిపిస్తుంది. కానీ వీటిలో చాలావాటి మూలం ఒక్కటే: ఆగకుండా జరగాల్సిన పనిని మనం ఆగి ఆగి చేయిస్తున్నాం.

కిడ్నీ చేసే పనిని ఒకసారి చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడకడతాయి. అందులో 99 శాతం తిరిగి రక్తంలోకే పంపేస్తాయి. మూత్రంగా బయటికొచ్చేది లీటరున్నర, రెండు లీటర్లు. అసలు నేర్పు వడకట్టడంలో లేదు, దేన్ని ఎంత వెనక్కి తీసుకోవాలో తేల్చుకోవడంలో ఉంది. ఉప్పు ఎక్కువ తిన్న రోజు ఎక్కువ ఉప్పు వదిలేస్తుంది, నీళ్లు తక్కువ తాగిన రోజు మూత్రం చిక్కబరుస్తుంది. ఇది కాక బీపీని అదుపు చేస్తుంది, రక్తంలో ఆమ్లాన్ని సరిచేస్తుంది, ఎర్రరక్తకణాలు పుట్టించమని ఎముక మజ్జకు హార్మోన్ పంపిస్తుంది, విటమిన్ డిని ఒంటికి పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది.

మెషిన్ చేసేది ఇందులో కొంతే. నీరు, చిన్న అణువుల వ్యర్థాలు, పొటాషియం తీస్తుంది, ఆమ్లాన్ని కాస్త సరిచేస్తుంది. హార్మోన్ల జోలికి పోదు. వడపోత మటుకే చూసినా, బాగా జరిగిన డయాలసిస్ కూడా మామూలు కిడ్నీల పనిలో 10, 15 శాతానికి మించదు. మనిషి అంత తక్కువతోనూ ఏళ్ల తరబడి బతకగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

కిడ్నీ జబ్బు చప్పుడు చేయదు. పనితీరు సగానికి పడిపోయినా చాలామందికి ఒంట్లో ఏ తేడా తెలియదు. వడపోత వేగాన్ని అంచనా వేసే ఈజీఎఫ్ఆర్ 15 కంటే తగ్గితే దాన్ని చివరి దశ అంటారు. అంతమాత్రాన ఆ రోజే డయాలసిస్ మొదలుపెట్టాలని కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగి 2010లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో కొందరికి అంకె 10 నుంచి 14 మధ్య ఉండగా డయాలసిస్ మొదలుపెట్టాలని, మరికొందరికి 5 నుంచి 7 దాకా ఆగాలని నిర్ణయించారు. ఆయుష్షులో తేడా ఏమీ కనిపించలేదు. అయితే ఆగమన్న వాళ్లలో చాలామందికి లక్షణాలు ముందే ముదిరి, అనుకున్నదానికన్నా ముందుగానే మొదలుపెట్టాల్సి వచ్చింది. కాబట్టి అంకె ఒక్కటే చూసి తొందరపడక్కర్లేదు, లక్షణాలు కనిపిస్తుంటే మొండికేయకూడదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడుకుంటే ఆయాసం, మందులకు లొంగని పొటాషియం, ఆగని వాంతులు, తిండి సయించక చిక్కిపోవడం, మనిషి మగతగా మారడం వంటివి వస్తే ఇక ఆగకూడదు.

ఇక్కడే అందరినీ భయపెట్టే మాట ఒకటుంది. “ఒకసారి డయాలసిస్ మొదలుపెడితే ఇక జీవితాంతం వదలదు.” ఇది కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసే మాట. జ్వరం, విరేచనాలు, ఇన్ఫెక్షన్, మందుల వికటింపు వల్ల ఉన్నట్టుండి కిడ్నీలు ఆగిపోయినవాళ్లలో చాలామందికి కొన్ని సెషన్ల తర్వాత కిడ్నీలు కోలుకుంటాయి, డయాలసిస్ ఆగిపోతుంది. షుగర్ వల్లో బీపీ వల్లో ఏళ్ల తరబడి కిడ్నీ చిన్నదై, గట్టిపడి, మచ్చకట్టిపోతే అది తిరిగి రాదు. జీవితాంతం ఉండిపోయేది ఆ నష్టం. మెషిన్ మీద వేశాం కాబట్టి కిడ్నీ ఆగిపోలేదు, ఆగిపోయింది కాబట్టే మెషిన్ అవసరమైంది. ఈ భయంతో ఆలస్యం చేసి, చివరికి అర్ధరాత్రి ఊపిరాడని స్థితిలో మెడ సిరలోకి దూర్చే గొట్టంతో (క్యాథెటర్) మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

రక్తనాళం దొరకడమే పెద్ద సమస్య

డయాలసిస్ సూత్రం చాలా పాతది. సన్నని పొర ఒకటి రెండు ద్రవాలను వేరు చేస్తే చిన్న అణువులు దాన్ని దాటిపోతాయని, పెద్దవి ఆగిపోతాయని థామస్ గ్రాహం అనే రసాయన శాస్త్రవేత్త 1861లోనే చూపించాడు. డయాలసిస్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. దాన్ని మనిషికి పనికొచ్చే యంత్రంగా మలిచింది విలెం కోల్ఫ్. జర్మన్ సేనల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, 1943లో, సాసేజ్‌ల మీద తొడిగే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక చెక్క డ్రమ్ము చుట్టూ చుట్టి, దాన్ని ఉప్పునీళ్ల తొట్టిలో తిప్పాడు. మొదటి రెండేళ్లలో ఆ మెషిన్ ఎక్కినవాళ్లు దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల మహిళ ఒకామె కోమా నుంచి తేరుకుంది. మెషిన్ వల్లే బతికిందని చెప్పగలిగిన మొదటి మనిషి ఆమె.

అయినా అది దీర్ఘకాలం నడిచే వైద్యం కాలేకపోయింది. అడ్డుపడింది మెషిన్ కాదు, రక్తనాళం. ప్రతిసారీ కొత్తగా ఒక ధమనిని, ఒక సిరను కోయాలి. కొన్ని సార్లకే కోయడానికి చోటుండదు. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి ధమనికీ సిరకూ మధ్య టెఫ్లాన్ గొట్టం శాశ్వతంగా అమర్చి ఆ చిక్కు విప్పాడు. ఆయన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ ఆ తర్వాత 11 ఏళ్లు బతికాడు. అప్పుడు కొత్త చిక్కొచ్చింది: మెషిన్లు కొన్ని, రోగులు ఎందరో. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి సియాటిల్‌లో మామూలు పౌరులతో ఒక కమిటీ వేశారు. ఉద్యోగం, పిల్లలు, సంఘంలో పేరు చూసి ఎవరు బతకాలో వాళ్లు ఎంచేవారు. వైద్యంలో నైతికత గురించిన చర్చ గట్టిగా మొదలవడానికి ఈ కమిటీ కూడా ఒక కారణం.

ఇప్పుడు వాడే ఫిస్టులాను న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో, వాళ్లతో పనిచేసిన సర్జన్ అపెల్ 1966లో లోకానికి చెప్పారు. గొట్టాలేవీ లేకుండా చేతిలోని ధమనిని నేరుగా పక్కనున్న సిరకు కలిపేస్తారు. ధమని ఒత్తిడికి కొన్ని వారాల్లో, ఒక్కోసారి రెండు మూడు నెలల్లో, సిర లావై గోడ గట్టిపడుతుంది. అప్పుడు దాంట్లో సూదులు గుచ్చవచ్చు. ఇది ముదరడానికి సమయం పడుతుంది కాబట్టే డయాలసిస్ అవసరం వచ్చాక కాదు, వస్తుందని తెలిసిన రోజునే ఆ మాట ఎత్తాలి. ఏ చేతికి ఫిస్టులా పెట్టాలనుకుంటున్నారో ఆ చేతి సిరల్లో రక్తం తీయనివ్వకుండా, సెలైన్ సూది పెట్టనివ్వకుండా కాపాడుకోవాలి.

ఫిస్టులా మీద వేలు పెడితే సన్నగా ఝుమ్మని అదురుతుంటుంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్లు పొద్దున లేవగానే దాన్ని తాకి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. అదురు ఆగితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కొన్ని గంటల్లో వెళితే కాపాడే అవకాశం ఉంటుంది, మర్నాటి సెషన్‌లో చెబుదామనుకుంటే పోతుంది. ఆ చేతికి బీపీ పట్టీ వేయనివ్వకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు, బిగుతైన గాజు, గడియారం వద్దు. మెడ దగ్గర పెట్టే క్యాథెటర్‌కు సూదులు గుచ్చే బాధ లేదని కొందరు దానితోనే ఉండిపోతామంటారు. కానీ అది చర్మం బయటినుంచి గుండె దాకా తెరిచిన దారి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి దిగడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. క్యాథెటర్ ఉన్న మనిషికి చలితో జ్వరం వస్తే మాత్ర వేసి ఇంట్లో పడుకోబెట్టకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నాలుగు గంటల్లో ఏం జరుగుతుంది

మెషిన్‌లో అసలు పని చేసేది డయలైజర్. పొడవాటి గొట్టంలో వేల సన్నని పోగులు, ఒక్కో పోగు లోపల బోలు. లోపలినుంచి రక్తం, బయటినుంచి డయాలసిస్ ద్రవం ఎదురెదురుగా పోతుంటాయి. ఏ క్షణంలో చూసినా ఒంటి బయట ఉండే రక్తం ఓ గ్లాసుడు మాత్రమే. కానీ నిమిషానికి 300 మిల్లీలీటర్లు, అంతకంటే ఎక్కువ కూడా తిరుగుతుంది కాబట్టి ఒంట్లో రక్తమంతా ఎన్నోసార్లు వెళ్లొస్తుంది. అవతలి ద్రవం సాధారణంగా నిమిషానికి 500 మిల్లీలీటర్లు. నాలుగు గంటలకు 120 లీటర్లు.

ఆ 120 లీటర్ల గురించి రోగులకు ఎవరూ చెప్పరు. మనం తాగే నీరు పేగుల్ని దాటి రక్తంలోకి వెళ్లాలి, ఈ నీటికీ రక్తానికీ మధ్య ఉన్నది వెంట్రుకకంటే పల్చని పొర మాత్రమే. తాగడానికి పనికొచ్చే నీరు ఇక్కడ పనికిరాదు. నీళ్లను శుభ్రపరచడానికి వేసే క్లోరమైన్ ఎర్రకణాలను పగలగొడుతుంది. ఒకప్పుడు నీళ్లలోని అల్యూమినియం మెదడుకెక్కి డయాలసిస్ రోగులకు మతి చెడింది. 1996లో బ్రెజిల్‌లోని కరువారులో నీటి నాచు విషం డయాలసిస్ నీళ్లలో కలిసి 50 మందికి పైగా చనిపోయారు. అందుకే ప్రతి సెంటర్ వెనక గదిలో ఆర్‌ఓ ప్లాంటు, కార్బన్ ట్యాంకులు ఉంటాయి. ఆ నీటి పరీక్షలు ఎప్పుడెప్పుడు చేస్తారని అడగడం అతి తెలివి కాదు, రోగి హక్కు.

సెషన్‌కు ముందు బరువు చూస్తారు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. డ్రై వెయిట్ 60 కిలోలు, వచ్చింది 62.5 కిలోలు అయితే తీయాల్సింది రెండున్నర లీటర్లు. లెక్క సులువు. శరీరం ఆ లెక్కకు ఒప్పుకోవడం అంత సులువు కాదు. మెషిన్ నీళ్లు తీసేది రక్తనాళాల్లోంచి. కాళ్లలో, పొట్టలో, కణాల మధ్య చేరిన నీరు మెల్లగా రక్తనాళాల్లోకి రావాలి. అది వచ్చే వేగం కంటే మనం తీసే వేగం ఎక్కువైతే రక్తనాళాలు ఖాళీ అవుతాయి. బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, పిక్కలు పట్టేస్తాయి. గుండెకు కూడా కొద్దిసేపు రక్తం చాలదు. అలా పదేపదే జరిగితే గుండె కండరం దెబ్బతింటుంది.

అందుకే గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటకుండా చూడమంటారు. అరవై కిలోల మనిషికి ఇది గంటకు 780 మిల్లీలీటర్లు, నాలుగు గంటలకు మూడు లీటర్ల పైచిలుకు. ఆ మనిషి నాలుగున్నర లీటర్లు పెరిగి వస్తే సక్రమమైన దారులు రెండే: సమయం పెంచాలి, లేదా ఇంకో రోజు అదనంగా రావాలి. అదే నాలుగు గంటల్లో అంతా లాగేయమని రోగే బతిమాలడం, సిబ్బంది సరేననడం తరచూ జరిగేదే. అరగంట ముందే దింపేయమనడం కూడా అంతే. ఆ అరగంట తగ్గితే వ్యర్థాలు మిగిలిపోవడమే కాదు, నీళ్లు తీసే వేగమూ పెరుగుతుంది.

సెషన్ తర్వాత వచ్చే నీరసం బద్ధకం కాదు. రెండు రోజుల్లో చేరిన నీటిని, యూరియాను, పొటాషియాన్ని నాలుగు గంటల్లో మార్చేసిన కుదుపు అది. కొందరు గంటలో తేరుకుంటారు, కొందరు మర్నాటి దాకా లేవలేరు. రోజంతా లేవలేకపోతుంటే డాక్టరుకు చెప్పాలి. నీళ్లు తీసే వేగం తగ్గించవచ్చు, ద్రవం ఉష్ణోగ్రత కాస్త తగ్గించవచ్చు, డ్రై వెయిట్ మళ్లీ చూడొచ్చు. డ్రై వెయిట్ రాతిమీద చెక్కిన అంకె కాదు. తిండి పడక కండ కరిగితే దాని చోట నీరు చేరుతుంది, తూకంలో అదే 60 కిలోలు కనిపిస్తాయి. ముఖం ఉబ్బి, రాత్రి ఆయాసం మొదలయ్యాక గానీ ఎవరికీ అనుమానం రాదు. ఆకలి బాగుపడి నిజంగా ఒళ్లు చేస్తే ఇదే తిరగబడుతుంది: కొత్తగా వచ్చిన కండను నీరనుకుని లాగి బీపీ పడేస్తారు.

దాహం అనే లెక్క

మిగిలిన 156 గంటలకు వద్దాం. నీళ్లు తగ్గించమని చెప్పడం అందరికీ తేలిక. వినాల్సిన మనిషికి నోరు ఎండిపోతుంటుంది. నా ఉద్దేశంలో నీళ్ల విషయంలో రోగుల్ని తిట్టడమంత పనికిరాని వైద్యం లేదు. దాహాన్ని సంకల్పంతో ఎక్కువ రోజులు గెలవలేరు. దాహం పుట్టే చోట పట్టుకోవాలి, అది ఉప్పు.

రక్తం ఉప్పదనాన్ని శరీరం దాదాపు ఒకే స్థాయిలో ఉంచుకుంటుంది. లీటరుకు 9 గ్రాముల ఉప్పు అన్నది సెలైన్ సీసా లెక్క. మూత్రం రాని మనిషి రోజుకు 9 గ్రాముల ఉప్పు తింటే, దాన్ని పలచబరచడానికి లీటరు నీళ్లు తాగేదాకా మెదడు వదలదు. అదే 5 గ్రాములకు దించితే దాహం దాదాపు సగానికి తగ్గుతుంది. నీళ్ల గ్లాసు మీద కాపలా పెట్టేకంటే ఉప్పు డబ్బా మీద పెట్టడం మేలు. ప్యాకెట్లలో, హోటల్ తిండిలో ఉండే ఉప్పు కంటికి కనపడదు. షుగర్ ఉన్నవాళ్లకు రక్తంలో చక్కెర పెరిగినా ఇలాగే దాహం వేస్తుంది. అది అదుపులోకి వస్తే నీళ్ల అదుపు కూడా వస్తుంది.

ఉప్పు తగ్గించమన్నారని కొందరు ప్రత్యామ్నాయ ఉప్పు కొంటారు. అది చాలాసార్లు పొటాషియం క్లోరైడ్. కిడ్నీలు పనిచేయని మనిషికి అది ప్రమాదం. ఒంట్లోని పొటాషియంలో 98 శాతం కణాల లోపల ఉంటుంది, రక్తంలో ఉన్నది కొద్దిపాటే. ఆ కొద్దిపాటి పెరిగితే గుండె లయ తప్పుతుంది, కొన్నిసార్లు ముందు ఏ సూచనా లేకుండా ఆగుతుంది కూడా. అరటిపండు, బంగాళదుంప, టమాటా, పండ్ల రసాలు పూర్తిగా నిషేధమా అంటే, నెలనెలా వచ్చే రక్తపరీక్షను బట్టి ఉంటుంది. కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత పోతుంది. మలబద్ధకం ఉంటే చూసుకోవాలి, కిడ్నీ వదిలేసిన పనిలో కొంత పేగులు చేస్తుంటాయి. నక్షత్రఫలం (స్టార్ ఫ్రూట్) మాత్రం ఒక్క ముక్క కూడా వద్దు. దాంట్లోని విషపదార్థాన్ని బయటికి పంపేది కిడ్నీయే, అది పనిచేయకపోతే ఎక్కిళ్లు, మతి తప్పడం, ఫిట్స్ దాకా పోతుంది.

వారానికి మూడుసార్లు చేసే పద్ధతిలో ఒకచోట రెండు రోజుల ఖాళీ వస్తుంది. అమెరికాలో దాదాపు 32,000 మంది రోగుల వివరాలతో 2011లో వచ్చిన పరిశోధనలో మరణాలు, గుండె సమస్యలతో ఆసుపత్రిలో చేరడాలు ఆ పెద్ద ఖాళీ తర్వాతి రోజునే ఎక్కువగా కనిపించాయి. సెషన్ మానేసేవాళ్లు తమకు తాము అలాంటి ఖాళీలు పెట్టుకుంటున్నట్టే. పండగో పెళ్లో ఉంటే మానేయకుండా ముందురోజుకు మార్చమని అడగాలి.

తలకిందులయ్యే నియమాలు

డయాలసిస్‌కు ముందు ప్రొటీన్ తగ్గించమంటారు. ప్రొటీన్ అరిగితే యూరియా పుడుతుంది, దాన్ని తోడే శక్తి కిడ్నీకి తగ్గింది కాబట్టి. మొదలయ్యాక మెషిన్ యూరియాను తీసేస్తుంది, దాంతోపాటు ప్రతి సెషన్‌లో కొన్ని గ్రాముల అమినో ఆమ్లాలూ పోతాయి. ఇప్పుడు రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. పాత పథ్యాన్నే పట్టుకుని వేలాడేవాళ్లు కండ కరిగి బలహీనపడతారు.

క్రియాటినిన్ కూడా ఇలా తిరగబడేదే. అది కండరాల్లో పుడుతుంది. డయాలసిస్‌కు ముందు అది పెరగడం కిడ్నీ పడిపోతోందనడానికి గుర్తు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో అది నెలనెలా తగ్గుతూ వస్తుంటే, కిడ్నీ కోలుకోవడం కంటే కండ కరగడానికి అవకాశం ఎక్కువ. అంకె తగ్గిందని ఇంట్లో సంబరపడుతుంటారు, మనిషి మాత్రం చిక్కిపోతుంటాడు. డయాలసిస్ చాలుతోందా లేదా అని చూడటానికి యూరియా ఎంత తగ్గిందో లెక్కగట్టే కేటీ బై వీ అనే కొలత ఉంది. వారానికి మూడుసార్లు చేసేవాళ్లకు సెషన్‌కు కనీసం 1.2 ఉండాలి. రిపోర్టులో క్రియాటినిన్ పక్కన ఈ అంకె ఎంతుందో అడగండి.

ఫాస్ఫరస్ ఇంకో రకం. మెషిన్ దాన్ని సరిగా తీయలేకపోతుంది, కణాల లోపలినుంచి అది నెమ్మదిగా బయటికొస్తుంది. పెరిగితే ఎముకల్లోంచి కాల్షియం కదులుతుంది, రక్తనాళాలు సున్నం పట్టినట్టు గట్టిపడతాయి, దురదలు పెరగొచ్చు. దానికిచ్చే మాత్రలు తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టేసుకుంటాయి. అందుకే వాటిని తిండితోపాటే వేసుకోవాలి. తిన్నాక రెండు గంటలకు గుర్తొచ్చి వేసుకుంటే వేసుకోనట్టే. పప్పుల్లో, గింజల్లో ఉండే ఫాస్ఫరస్ ఒంటికి కొంతే పడుతుంది, కూల్‌డ్రింకుల్లో, నిల్వ చేసిన మాంసంలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా పడుతుంది.

రక్తహీనతకు ఎరిత్రోపొయిటిన్ (ఎముక మజ్జకు కిడ్నీ పంపే హార్మోన్) ఇంజెక్షన్ 1989లో వచ్చింది. అంతకుముందు ఎక్కువగా రక్తం ఎక్కించడమే దారిగా ఉండేది. అయితే హిమోగ్లోబిన్‌ను ఆరోగ్యవంతుల స్థాయికి లాగాలని చూసిన పరిశోధనల్లో గుండె, మెదడు రక్తనాళాల ప్రమాదాలు పెరిగాయి. అందుకే డాక్టర్లు 10, 11 దగ్గర ఆగుతారు. ఇంజెక్షన్ పనిచేయకపోతే ముందు ఐరన్ నిల్వలు, ఎక్కడైనా దాగిన ఇన్ఫెక్షన్ చూడాలి.

ఆగకుండా చేసే దారులు

చుక్క మూత్రానికీ విలువుంది. మిగిలిన కిడ్నీ నిమిషానికి ఒక్క మిల్లీలీటరు రక్తాన్ని శుభ్రం చేస్తున్నా, వారంలో 10,080 నిమిషాలు ఉన్నాయి కాబట్టి 10 లీటర్లకు పైగా అవుతుంది. పైగా మెషిన్ సరిగా పట్టుకోలేని పెద్ద అణువులను అది పట్టుకుంటుంది. కిడ్నీ ఎలాగూ పోయిందని నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగితే ఆ మిగిలిందీ పోతుంది.

పొట్టలోని పొరనే జల్లెడగా వాడుకునే పెరిటోనియల్ డయాలసిస్ ఇంటి దగ్గరే చేసుకునే పద్ధతి. ఇప్పుడున్న రూపం 1970లలో, పోపోవిచ్, మోంక్రీఫ్ చేసిన పనితో వచ్చింది. పొట్టలోకి రెండు లీటర్ల ద్రవం పోసి, కొన్ని గంటలు ఉంచి, తీసేసి, మళ్లీ పోస్తారు. రోజుకు నాలుగుసార్లు చేతితో, లేదా రాత్రి నిద్రలో మెషిన్‌తో. పని రోజంతా జరుగుతుంది కాబట్టి ఆ కుదుపు ఉండదు, పథ్యం కాస్త సడలుతుంది, మూత్రం ఎక్కువకాలం నిలుస్తుంది. దానికీ కష్టాలున్నాయి. ఒక్క రోజూ సెలవుండదు. చేతులు శుభ్రంగా కడగకపోతే పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తుంది. తీసిన ద్రవం మసకగా ఉంటే గంట కూడా ఆగకూడదు. ద్రవంలోని చక్కెర ఒంటికెక్కుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పొర పనితనం తగ్గుతుంది. అయినా ఇలాంటి పద్ధతి ఒకటుందని చాలామందికి మొదట్లో ఎవరూ చెప్పకపోవడం అన్యాయమే.

168 గంటలూ తిరిగొచ్చేది కిడ్నీ మార్పిడితోనే. మొదటిసారి అది నిలిచింది 1954లో, బోస్టన్‌లో, కవల సోదరుల మధ్య. పాత కిడ్నీలను సాధారణంగా అలాగే ఉంచి, కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కకు పెడతారు. అదీ నయమైపోవడం కాదు, కిడ్నీ పనిచేసినన్నాళ్లూ రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు వేళ తప్పకుండా వేసుకోవాలి. దాత దొరికితే డయాలసిస్ మొదలవకముందే చేయించుకోవచ్చు, ఫలితాలు కూడా బాగుంటాయి. ఆ వివరం తెలియక ఏళ్లు మెషిన్ మీద గడిపేవాళ్లున్నారు.

అందరికీ మార్పిడి కుదరదు. డయాలసిస్ మీదే 30 ఏళ్లు దాటినవాళ్లు ఉన్నారు. కొన్ని నెలలకే అలసిపోయినవాళ్లూ ఉన్నారు. అలసటకు ఒక్కోసారి కారణం రక్తహీనతో, నిద్రపట్టనివ్వని కాళ్ల లాగుడో అయి ఉంటుంది, వాటికి మందుంది. కుంగుబాటు ఈ రోగుల్లో చాలా ఎక్కువ, దానికీ చికిత్స ఉంది. ఇంట్లో తోడుండేవాళ్లకు వచ్చే అలసట మాత్రం ఏ రిపోర్టులోనూ కనపడదు. వారానికి మూడు రోజులు వాళ్ల ఉద్యోగం, నిద్ర, మాట కూడా మెషిన్ వేళలకే కట్టుబడి ఉంటాయి.

బాగా వయసు పైబడి, గుండె జబ్బు వంటివి కూడా ముదిరిన వాళ్లలో డయాలసిస్ వల్ల పెరిగే రోజుల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలోనే పోవచ్చు. అలాంటివాళ్లు మెషిన్ వద్దనుకుని, ఆయాసానికి, దురదకు, వాంతులకు మందులతో ఇంట్లో ఉండటాన్ని కూడా వైద్యులు ఒక చికిత్సగానే చూస్తారు. మధ్యలో ఆపేయాలనుకునేవాళ్లూ ఉంటారు. మూత్రం రానివాళ్లలో ఆపాక ప్రాణం ఉండేది సాధారణంగా వారం, పది రోజులు. ఈ సంభాషణ ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా జరగాలి. అయితే సెషన్ నుంచి వచ్చిన సాయంత్రం “ఇంక నావల్ల కాదు” అన్న మాటను నిర్ణయంగా తీసుకోవద్దు. మర్నాడు మధ్యాహ్నం, కాస్త తిని, నిద్రపోయి లేచాక, పక్కన కూర్చుని ఇంకోసారి అడగండి.